పెద్దావిడకీ ఒక కథ

కోర్టు సీనంటే మనవాళ్లకి ఎంత ప్రాణమో వేరే చెప్పాలా? నల్లకోటు మనిషి లేచి నిలబడి "యువరానర్" అన్నాడంటే చాలు, పొయ్యిమీద పప్పు అడుగంటుతున్నా లేవబుద్ధి కాదు. ఈ మోజు ఇవాళ్టిది కాదు. 1981లో "న్యాయం కావాలి" సినిమా చూసిన మా అమ్మ తరం ఆడవాళ్లు రాధిక కష్టాలకి ఎంత కళ్లొత్తుకున్నారో, ఆ పిల్ల పక్షాన వాదించిన లాయరు శారదని చూసి అంత మురిసిపోయారు. ఆ సినిమాకి మూలం డి. కామేశ్వరిగారి "కొత్త మలుపు" నవల. అన్యాయమైపోయిన ఆడపిల్లనీ, ఆమె కోసం నోరు విప్పే ఇంకో ఆడమనిషినీ ఒకేచోట చూడాలన్న కోరిక మనకి అంత పాతది.

గోదావరిఖనిలో ఈ మోజుకి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడివాళ్లకి కోర్టు తెరమీది వింత కాదు. మామూలు కోర్టుతోబాటు ఈ ఊళ్లో లేబర్ కోర్టు కూడా ఉంది. నాగాలు ఎక్కువయ్యాయని గనిలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆ మెట్లు ఎక్కి దిగుతూ ఉంటే, ఇంట్లో ఇల్లాలు వాయిదా తేదీని కాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసుకుంటుంది. అంచేత టీవీలో నలభై నిమిషాలకల్లా తీర్పు వచ్చేస్తే మా కాలనీ ఆడవాళ్లు ముందు ఫక్కున నవ్వుతారు. "గింత జల్ది తీర్పిచ్చే జడ్జి మనకెందుకు దొరకడక్కా?" అని అడిగింది ఒకావిడ. నవ్వడం అయ్యాక మాత్రం కన్నార్పకుండా చూస్తారు.

వాళ్లలా చూసినవాటిలో కాజోల్ నటించిన "ది ట్రయల్" ఒకటి. 2023 జూలైలో హాట్‌స్టార్‌లో వచ్చింది, తెలుగు మాటలతో కూడా. 2025 సెప్టెంబరులో రెండో విడతా వచ్చింది. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నొయొనికా సేన్‌గుప్తా అనే ఇల్లాలు. భర్త జడ్జి. లంచం కింద ఆడవాళ్లని వాడుకున్నాడన్న ఆరోపణ మీద జైలుకి పోతాడు. ఇద్దరు ఆడపిల్లల తల్లి ఆవిడ, ఎప్పుడో మడిచి దాచేసిన నల్లకోటు మళ్లీ బయటికి తీస్తుంది. ఇది అమెరికాలో పేరుపడ్డ "ది గుడ్ వైఫ్" సీరియల్‌కి మన దేశపు రూపం.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఆ మూలకథ గురించి కూడా కాదు, దాని పిలక గురించి. అరటిచెట్టు గెల వేశాక దాని పని అయిపోతుంది. పక్కనుంచి పిలక లేస్తుంది. సీరియళ్లలోనూ అంతే. ఒక కథ బాగా పండాక అందులోని పక్కపాత్రని తీసుకుని ఇంకో కథ నాటుతారు. ఇంగ్లీషువాళ్లు స్పిన్-ఆఫ్ అంటారు. నేను పిలక కథ అంటాను. "ది గుడ్ వైఫ్"కి వచ్చిన పిలక పేరు "ది గుడ్ ఫైట్". దాన్ని చూసినవాళ్లు ఏమన్నారో, ఎందుకన్నారో ఆలోచిస్తూ ఉంటే, నాకు అమెరికా కంటే మన ఇళ్లే ఎక్కువ గుర్తొచ్చాయి.

అసలు చెట్టు సంగతి ముందు చెప్పుకుందాం. "ది గుడ్ వైఫ్" 2009 సెప్టెంబరు నుంచి 2016 మే వరకు సీబీఎస్ చానెల్లో ఏడు విడతలు నడిచింది. రాబర్ట్ కింగ్, మిషెల్ కింగ్ అనే భార్యాభర్తలు దాని సృష్టికర్తలు. పీటర్ ఫ్లోరిక్ షికాగోలో పెద్ద ప్రభుత్వ ప్లీడరు. అతగాడి రాసలీలలు పత్రికలకెక్కుతాయి. విలేకరుల ముందు మొగుడి పక్కన మాట్లాడకుండా నిలబడ్డ భార్య ఎలీషియా, అవతలి వరండాలోకి రాగానే అతని చెంప ఛెళ్లుమనిపిస్తుంది. 13 ఏళ్లు ఇల్లు చూసుకున్న మనిషి మళ్లీ లాయరై, కుర్రకారుతో పోటీపడుతూ అట్టడుగునుంచి మొదలుపెడుతుంది. ఆ వేషం జూలియానా మార్గులీస్ వేసింది. ఆవిడకి పనిచ్చిన సంస్థలో పెద్దావిడ డయాన్ లాక్‌హార్ట్. ఆ వేషం క్రిస్టీన్ బరాన్‌స్కీది. పిల్లల్లేరు, పనే లోకం, ఎవరికీ తల వంచని మనిషి.

ఇక ఆఖరి భాగం. మొగుణ్ణి మరో కేసులోంచి గట్టెక్కించడానికి ఎలీషియా, డయాన్ భర్త పరాయి ఆడదానితో నడిపిన వ్యవహారాన్ని నిండు కోర్టులో బయటపెట్టిస్తుంది. డయాన్ లేచి బయటికి వెళ్లిపోతుంది. తరవాత మళ్లీ విలేకరుల సమావేశం, మళ్లీ మొగుడి పక్కన ఎలీషియా, మళ్లీ వరండా. ఈసారి చెంపదెబ్బ తిన్నది ఎలీషియా. కొట్టింది డయాన్. ఎలీషియా కళ్లు తుడుచుకుని, కోటు సర్దుకుని ముందుకి నడుస్తుంది. కథ అయిపోతుంది.

ఏడేళ్లు వెనకేసుకొచ్చిన మనిషిని చెంపదెబ్బ కొట్టి పంపేస్తారా అని అక్కడ చాలామంది మండిపడ్డారు. ఇంతకంటే సరైన ముగింపు లేదని మరికొందరు మెచ్చుకున్నారు. ఈ కథంతా మధ్యాహ్నంపూట మా కాలనీ ఆడవాళ్లకి సగం ఫోన్లో చూపించి, సగం నోటితో చెబితే వాళ్లూ రెండుగా చీలిపోయారు. "మంచిగైంది. ఆఖరికి గామె గూడ మొగని లెక్కనే అయిపాయె" అంది ఒకావిడ. "ఏం జేసినా సంసారం కోసమే జేసింది గదా, గట్ల కొడ్తరా?" అని రెండో ఆవిడ బాధపడింది. గమనించారా? ఇద్దరూ మాట్లాడింది దెబ్బ తిన్నావిడ గురించే. కొట్టినావిడ ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చేసిందో, ఆ మొగుడి మొహం ఎలా చూసిందో ఎవరూ అడగలేదు.

పిలక సరిగ్గా అక్కడే లేచింది. "ది గుడ్ ఫైట్" 2017 ఫిబ్రవరి నుంచి 2022 నవంబరు వరకు ఆరు విడతలు, 60 భాగాలు వచ్చింది. డయాన్ ఇక చాలనుకుని పని మానేసి, ఫ్రాన్స్‌లో ఇల్లు కొనుక్కుని హాయిగా బతకాలనుకుంటుంది. ఆవిడ డబ్బంతా ఓ పాత స్నేహితుడు నడిపే సంస్థలో ఉంది. ఒకరి సొమ్ము తీసి ఇంకొకరికి వడ్డీగా ఇచ్చే మోసం అదంతా అని ఓ రోజు బయటపడుతుంది. పైసా మిగలదు. రాజీనామా ఇచ్చిన తన సొంత సంస్థే మళ్లీ లోపలికి రానివ్వదు. చివరికి నల్లజాతి లాయర్లు నడిపే ఓ సంస్థలో చేరుతుంది. మోసం చేసిన ఆ స్నేహితుడి కూతుర్నే, చిన్నప్పట్నుంచీ తన బిడ్డలా చూసుకున్న మాయాని, వెంటబెట్టుకుని.

చూసినవాళ్లు ఏమన్నారు? మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, విమర్శకులు సరేసరి. ఫిర్యాదులు మాత్రం ముఖ్యంగా మూడు. ఎలీషియా ఏదీ అన్నది మొదటిది. మొదటి భాగం ఒక్కటి మామూలు చానెల్లో చూపించి, మిగతావి డబ్బు కట్టి చూడమనడం ఏమిటన్నది రెండోది. కోర్టు కథ అని కూచుంటే రాజకీయాలు వడ్డిస్తున్నారన్నది మూడోది.

రెండోదాంతో నాకు పేచీ లేదు. ఏడేళ్లు ఊరికే వడ్డించి, ఎనిమిదో ఏట ఆకు పరిచాక బిల్లు చేతిలో పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మూడోదాంట్లో కూడా నిజం ఉంది. 2017 జనవరిలో ట్రంప్ ప్రమాణస్వీకారాన్ని డయాన్ టీవీలో చూస్తూ కొయ్యబారిపోవడంతోటే మొదటి భాగం మొదలవుతుంది. రెండో విడతకొచ్చేసరికి ఏ రోజు వార్త ఆ రోజు కథలోకి దూరిపోతూ ఉంటుంది. వార్త పాతబడగానే కథా పాతబడుతుంది. "ది గుడ్ వైఫ్"లో ఒక్కో కేసు ఓ కుటుంబం కథలా గుర్తుండిపోతుంది. ఇక్కడ కేసులు చాలాసార్లు వాదానికి సాకులుగా మిగిలిపోయాయి.

మొదటి ఫిర్యాదుతోనే నాకు తగువు. ఎలీషియా రాకపోవడానికి ఓ కారణం మార్గులీసే 2019లో చెప్పింది. మూడు భాగాలకి అతిథిగా రావడానికి తను సిద్ధమేననీ, తన స్థాయికి తగిన పారితోషికం కాకుండా మామూలు అతిథి వేషాల రేటు ఇస్తామన్నారనీ, అంచేత మానుకున్నాననీ. ఆడవాళ్లకి న్యాయం జరగాలని వాదించే సీరియల్లోనే ఈ బేరం నడిచిందన్నమాట! సరే, అది వాళ్ల గొడవ. ఆవిడ వచ్చి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. అందరి కళ్లూ మళ్లీ ఎలీషియా మీదికే పోయేవి. డయాన్ తన కథలోనే పక్కపాత్ర అయిపోయేది.

ఎలీషియా మనకెందుకంత దగ్గరైంది? మొగుడు ద్రోహం చేశాడు కనుక. ఆ మొగుణ్ణి వదలాలా వద్దా అన్న ప్రశ్న ఏడేళ్లు నడిచింది కనుక. డయాన్‌కి ఆ ప్రశ్న ఒక్కటే బతుకు కాదు. ఆవిడా భర్తా రాజకీయాల్లో ఉప్పూ నిప్పూ. అతను చేసిన ద్రోహమూ చిన్నది కాదు. అయినా ఆవిడ కథ అక్కడ ఆగదు. డబ్బెలా, పనెలా, తనకంటే చిన్నవాళ్ల ముందు కొత్తగా ఎలా నిలబడాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు. వీటితో కథ నడుస్తుందని చూసేవాళ్లకి నమ్మకం కలగడానికి టైము పట్టింది. "ముసలామె కథ ఎవలు జూస్తరక్కా?" అని మా దగ్గరా ఒకావిడ అననే అంది. అన్నావిడకి యాభై ఆరు!

ఆవిణ్ణి తప్పుపట్టను. మన సీరియళ్లు నేర్పిన చదువే అది. వాటిలో యాభై దాటిన ఆడది అయితే విషం కలిపే అత్త, కాకపోతే దీపం ముందు కూచుని ఏడ్చే అమ్మ. మన ఊరు నేర్పిన చదువు కూడా కొంత ఉంది. బొగ్గుబావి ఊళ్లో కథంటే కిందికి దిగేవాడి కథే. ఆడవాళ్లు భూగర్భ గనిలోకి ఉద్యోగానికి దిగడానికి కేంద్రం 2019లో గాని ఒప్పుకోలేదు. అదీ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకి, పగటిపూట మాత్రమే. అంతదాకా ఇల్లాలి పని ఫస్ట్ షిఫ్టుకి తెల్లారగట్ల డబ్బా కట్టడం, నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకుంటే పిల్లల నోళ్లు మూయించడం. ఆయన సర్వీసు అయిపోతే ఆవిడ సర్వీసూ అయిపోయినట్టే లెక్క.

నిజానికి అసలు చిక్కులన్నీ మొదలయ్యేది అప్పుడే. సింగరేణిలో రిటైర్మెంటు వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది. ఆ రోజు శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ఇల్లాలిని పక్కన కూచోబెట్టి ఫోటో తీస్తారు. తరవాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇన్నేళ్లూ నీళ్లు పోసిన కరివేపాకు చెట్టుని వదిలేసి సామాను లారీకెక్కించాలి. ఎక్కడికి? అత్తగారి ఊరికా, కొడుకు దగ్గరికా? చేతికొచ్చిన గ్రాట్యుటీ డబ్బు వాసన మనకంటే ముందు వడ్డీ ఆశ చూపేవాళ్లకి తగులుతుంది. వాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు కారు. వరసకి బావో, పక్క లైన్లో వదినో. మన రెండు రాష్ట్రాల్లోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కలిపి 30 లక్షల పైచిలుకు డిపాజిటర్ల సొమ్ము ఇరుక్కున్న అగ్రిగోల్డ్ వ్యవహారం తలచుకోండి. అక్కడా డబ్బు కట్టించుకున్న ఏజెంట్లు చాలామంది ఊళ్లోవాళ్లే, చుట్టాలే. పోయిన డబ్బుతోబాటు రాకపోకలు కూడా పోయాయి.

అందుకే డయాన్ సొమ్ము పోయిందని చెప్పగానే మా ఆడవాళ్ల మొహాలు మారిపోయాయి. ఎలీషియా సంగతి అడగడం మానేశారు. ముసలామె కథ ఎవలు జూస్తరన్న ఆవిడే ముందుకి జరిగి, "మరి పైసలచ్చినయా అక్కా?" అంది. స్నేహితుడి కూతుర్ని వెంటేసుకుని తిరుగుతుందనేసరికి, "నేనైతే గా పోరి మొఖం సూడకపోదును" అంది ఇంకొకావిడ. "పోరేం జేసిందే పాపం, తప్పు జేసింది నాయన గదా" అని మూడో ఆవిడ అడ్డుపడింది. అరగంట వాదించుకున్నారు. ఏ పత్రికలోనూ ఇంత మంచి సమీక్ష నేను చదవలేదు.

పైసలు వచ్చాయా అన్న ప్రశ్న దగ్గర సీరియల్ ఎక్కువసేపు నిలబడదు. ఇది దాని పెద్ద లోపం. సర్వం పోయిందన్న మనిషి రోజుకో ఖరీదైన కోటు, కోటు మీద మెరిసే బ్రోచీ పెట్టుకుని వస్తుంది. "పైసలు పోయినామె గింత సోకు జేస్తదా?" అని మావాళ్లు వెంటనే పట్టేశారు. మన దగ్గర డబ్బు పోతే ముందు మెడలోది పోతుంది. ఆ తరవాత పెళ్లిళ్లకి పోవడం మానేస్తాం. ఆ లేమి ఎలా ఉంటుందో ఈ కథ రాసినవాళ్లు దగ్గర్నుంచి చూపించలేదు. దెబ్బ తగిలినట్టు చెప్పారు గాని, కమిలిన చోటు చూపించలేదు.

చూపించినచోట మాత్రం బాగా చూపించారు. అరవై దాటిన మనిషి కొత్త ఆఫీసులో, తనవాళ్లు కానివాళ్ల మధ్య, తన మాటకి వెనకటి విలువ లేనిచోట పని నేర్చుకోవడం చూడవలసిందే. డయాన్ ఇక్కడ దేవత కాదు. కోపం ఉంది, పొరపాట్లు ఉన్నాయి, పెద్దరికం చేతిలోంచి జారిపోతూ ఉంటే ఒప్పుకోలేని మొండితనం ఉంది. ఎలీషియా మీద జాలిపడటం తేలిక. డయాన్‌ని ఇష్టపడటానికి మనం కాస్త కష్టపడాలి. ఆ కష్టం మంచిదే.

ఇంకో సంగతి చెప్పాలి. 2021లో వచ్చిన అయిదో విడతలో వాక్‌నర్ అనే ఆయన ఓ జిరాక్స్ దుకాణం వెనక గదిలో సొంతంగా కోర్టు పెడతాడు. జడ్జీ ఆయనే, రూల్సూ ఆయనవే. అసలు కోర్టుల ఆలస్యంతో విసిగినవాళ్లు అక్కడ బారులు తీరతారు. చివరికి అది టీవీ షో అయిపోయి, ఎక్కడికో దారి తప్పుతుంది. అమెరికాలో కొందరికి ఇది మరీ కల్పనలా అనిపించింది. మనకి అనిపించదు. జీ తెలుగులో "బతుకు జట్కా బండి", జెమినిలో "రచ్చబండ" చూసినవాళ్లం. మొగుడూ పెళ్లాల తగువు కెమెరా ముందు పెట్టి తీర్పు చెబితే ఎందుకంత జనం చూశారు? నలుగురి నవ్వుకోసమే కాదు. నా మాట ఇవాళే ఎవరైనా వింటే బాగుండునన్న ఆరాటం కూడా అందులో ఉంది. లేబర్ కోర్టు వాయిదాలు రాసుకునే ఇల్లాలికి వాక్‌నర్ గది మీద ఆశ పుడుతుంది. ఆ ఆశని వేడుకగా మార్చి అమ్ముకుంటే ఏమవుతుందో కూడా ఈ సీరియల్ చూపించింది. ఇది దాని గొప్ప భాగాల్లో ఒకటి.

పిలక కథలు మనకి కొత్తవా అంటే కానే కావు. సీతారాముల కథలో ఊర్మిళకి ఒకటో రెండో మాటలు దక్కితే, మన ఆడవాళ్లు ఊరుకోకుండా ఆవిడ నిద్ర మీద పెద్ద పాటే కట్టుకుని పాడుకున్నారు. ఓల్గాగారు "విముక్త" కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరి దగ్గరికీ సీతని నడిపించారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథ అయిపోయిందని పెద్దలు చెప్పినచోట, "మరి ఆవిడ సంగతో?" అని అడగడం మన వంటిళ్లలో పుట్టిన విద్య. సీరియళ్ల ముందు కూచోగానే ఆ విద్య మరిచిపోతున్నాం, అంతే.

ఇంతకీ నా కోరిక ఒకటుంది. "ది ట్రయల్"లో డయాన్‌కి సమానమైన పాత్ర మాలినీ ఖన్నా. వేసింది షీబా చడ్ఢా. మొదటి విడత చూస్తున్నంతసేపూ నా కళ్లు కాజోల్ మీదినుంచి జారి ఆవిడ మీదికే పోయాయి. నొయొనికాకి కుర్చీ వేసిన ఆ పెద్దావిడ సాయంత్రం ఎవరింటికి వెళుతుంది? దాచుకున్న డబ్బు ఎవరి చేతిలో పెట్టింది? ఆవిడకో కథ పెడితే, ఎలీషియా ఏదీ అన్నట్టుగా, కాజోల్ ఏదీ అని మనమూ అరుస్తామా? సీరియళ్లు తీసేవాళ్లు మన అరుపులు లెక్కపెట్టుకునే తరవాతి కథ నిర్ణయిస్తారు. అందుకే అడుగుతున్నాను.

మీకు ఇంగ్లీషు కాస్త అర్థమైతే "ది గుడ్ ఫైట్" మొదటి విడత చూడండి. అర్థం కాకపోతే చదువుకునే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని కథ చెప్పించుకోండి. ట్రంప్ గొడవ ఎక్కువైనచోట దాటేసినా నష్టం లేదు. రిటైరవబోయే ఇంట్లో ఉన్నవాళ్లయితే, డబ్బు పోయిన ఆ మొదటి భాగం మాత్రం ఇంటాయనతో కలిసి చూడండి. చూశాక టీవీ కట్టేసి, పాస్‌బుక్కులు ఏ బీరువాలో ఉన్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో, రెండో సంతకం ఎవరిదో ఓసారి అడగండి. ఆ జవాబు మీకు కూడా తెలిసి ఉండాలి.